టెంకలోని వంశకథ

వేసవి సెలవులలో మామిడిపండు తిని, టెంకను పెరటి దిబ్బపైకి విసరి, తొలకరి వానకు అది పగిలి రాగిరంగు చివుళ్లు తొడిగినప్పుడు, మఱి నాలుగేండ్లలో తన యింటనే బంగినపల్లి పండ్లు గంపలుగా రాలునని మురిసిన పిల్లవాడు రాయలసీమలో ఏ తరమునందును కొఱవడలేదు. ఆ మురిపెము చూచి పెద్దలు నవ్వి, "టెంకేస్తే నాటుకాయే కాస్తాది నాయనా, ఆ పండు కావల్లంటే అంటు గట్టల్ల" అని చెప్పుటయు ప్రతి తరమునందును జరుగుచునే యున్నది. చెప్పిన పెద్దకు ఆ మాట అనుభవమువలన తెలిసినదే కాని కారణము తెలిసినది కాదు. పిల్లవాడు పట్టుబట్టి అడిగినను "దాని గుణమే అంత" అను సమాధానము తప్ప మఱొకటి దొరకదు. ఆ మూడు మాటల వెనుక జీవశాస్త్రమునందలి వంశపారంపర్య సిద్ధాంతము చాలవఱకు ముడుచుకొని కూర్చున్నది. ఆ ముడిని విప్పవలెనని మన దేశమున ఓపికతో పూనుకొన్న కొలది తోటలలో, కడప జిల్లా తోటగా పేరొందిన రైల్వేకోడూరు ప్రక్కనున్న అనంతరాజుపేట తోట యొకటి.

మామిడి విషయమున ఈ వింత మెట్టసీమవానికి మఱింత వింతగా తోచుటకు హేతువు లేకపోలేదు. అతనికి విత్తనమనిన నమ్మకమునకు మాఱుపేరు. కొఱ్ఱ చల్లిన కొఱ్ఱయే, అదియు తన గాదెలో దాచిన కొఱ్ఱవంటిదే, మొలచును. వేరుశనగ కాయ వలిచి విత్తిన, తల్లిమొక్కకు కాచిన గింజల వన్నె, పరిమాణము, కాలపరిమితి మరల పిల్లమొక్కలయందు కనబడును. వానలు మోసగించిన సంవత్సరములున్నవి గాని, విత్తు మోసగించిన సంవత్సరము అతని యెఱుకలో అరుదు. తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను కొనవలెనను సామెత పుట్టినది ఈ నమ్మకమునుండియే. అట్టివాని చేతికి మామిడి టెంక నిచ్చి, ఇది తల్లి పోలిక రాదు సుమా యని చెప్పుట, పురాణము వినుచున్నవానితో రామునకు సీత యేమియు కాదని చెప్పినట్లుండును. నిజమునకు కొఱ్ఱయందును వేరుశనగయందును రహస్యమొక్కటే: ఆ పూవులు విచ్చుటకు ముందుగనే, లేదా విచ్చుచుండగనే, తమ పుప్పొడితో తామే ఫలదీకరణము చెందును. తల్లియు తండ్రియు ఒక్క మొక్కయే యగుటచేత తరతరమునకు వైవిధ్యము సగము సగముగా తఱిగిపోయి, పది తరములు గడచునప్పటికి మొక్కలోని రెండు పాళ్లును ఒకదానికొకటి అద్దములో ప్రతిబింబమువలె నుండును. మామిడి యిట్టి సంసారము చేయదు. దాని పూతపై ఈగలు, తేనెటీగలు ముసరి, ఈ చెట్టు పుప్పొడిని ఆ చెట్టునకు మోయుచుండును. ఉత్తరదేశపు దశేరి, లంగ్డా వంటి కొన్ని రకములైతే తమ పుప్పొడిని తామే యంగీకరింపవని ఢిల్లీ పరిశోధకులు 1960ల దశకమున నిరూపించిరి. అనగా ప్రతి టెంకయు ఇద్దఱి బిడ్డ. ఆ యిద్దఱిలో తల్లి యెవరో తోటమాలికి తెలియును, తండ్రి యెవడో ఈగకు మాత్రమే తెలియును.

మనము నేడు పేరుపెట్టి పిలుచుకొను దేశవాళి మామిడి రకములలో చాలవఱకు ఇట్టి తండ్రి తెలియని టెంకలనుండి యాదృచ్ఛికముగా మొలచినవే. లక్నో సమీపమున కాకోరి దగ్గఱి దశేరి గ్రామములో ఆ రకమునకు మూలమైన చెట్టిప్పటికిని నిలిచియున్నది. మన సీమలో ఆ కీర్తికి పాత్రమైనది బంగినపల్లి. కర్నూలు జిల్లా నడుమ ద్వీపమువలె మద్రాసు ప్రభుత్వపు టేలుబడికి లోబడి, నవాబుల పాలనలో 1948 వఱకు ప్రత్యేక సంస్థానముగా నిలిచిన ఊరది. సంస్థానము కర్నూలు జిల్లాలో కలిసిపోయినది, నవాబు పోయినాడు, పండు మాత్రము సంస్థానపు పేరును దేశదేశములకు మోయుచున్నది. పారసీకమున "గుర్తులేనిది" అను నర్థమిచ్చు బేనిషాన్ అను పేరు దానికి రెండవది. ఢిల్లీ అంగళ్లలో దానినే సఫేదా యందురు. 2017 మే నెలలో భౌగోళిక గుర్తింపు పత్రము కూడ లభించినది. గుర్తులేనిదను పేరుగల పండునకు గుర్తింపు పత్రము వచ్చుట తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును.

కాని యిందు నవ్వు కంటె మిన్నయైన యాశ్చర్యమొకటి కలదు. బంగినపల్లి యని మన మనుకొనునది ఒక జాతి కాదు, ఒక వంశము కాదు. నిక్కముగా చెప్పవలెనన్న అది ఒక్క చెట్టు. ఎన్నడో ఏదో టెంకనుండి ఒక్కసారి మొలచిన ఆ చెట్టు కొమ్మను ఖండించి మఱొక నాటుమొక్కపై నతికించి, ఆ కొమ్మ పెరిగి చెట్టైన తరువాత దాని కొమ్మను ఖండించి ఇంకొకదానిపై నతికించి, ఇట్లు చేతులు మాఱుచు వచ్చిన ఒకే దేహము నేడు లక్షల తోటలలో నిలిచియున్నది. నందికొట్కూరులో కోసిన పండును, నూజివీడులో కోసిన పండును, రెండును ఆ యొక్క చెట్టు కొమ్మలకు కాచినవే. నడుమ నేల యెడమైనదంతే. అంటు కట్టుట యనగా వంశమును కొనసాగించుట కాదు, వంశమును ఆపివేయుట. పుట్టుక యను జూదమును మఱల ఆడకుండ, ఒకసారి గెలిచిన పందెమునే కలకాలము చేత పట్టుకొని కూర్చుండుట. చిరకాలమునందు ఏ కొమ్మకో ఏ కణముననో అణుమాత్రపు మార్పు కలిగి, ఒకే రకములో స్వల్పభేదములు పొడసూపుట లేకపోలేదు. దశేరియందు అట్టి మేలు కొమ్మలను పరిశోధకులు ఏరి వేఱుచేసియున్నారు. కాని యవి నది పొడవున రెండు మూడు ఇసుకమేటలవంటివి, నది గతిని మార్చునవి కావు.

ఇచ్చట ఒక చిన్న చమత్కారము. అంటుతోటలో నిలిచి తల యెత్తి చూచిన, ఆకులు, పూత, కాయ అన్నియు ఒక్క దేహమునకు చెందినవి. తల దించి మొదలు చూచిన, మట్టిలో నున్న వేళ్లు ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్కటి. ఏలననగా ప్రతి మొదలును వేఱొక నాటు టెంకనుండి మొలచినది, ప్రతి టెంకయు వేఱొక తల్లిదండ్రుల బిడ్డ. నూఱు చెట్ల తోటకు తల యొకటి, పాదములు నూఱు విధములు. ఒకే రకపు అంటులను ఒకేనాడు నాటిన తోటలో ఒక చెట్టు ఏపుగా పెరిగి ఒకటి గిడసబారుట రైతు లెఱిగినదే. దానికి ఎరువును, నీరును, కొందఱు దిష్టిని కారణముగా చెప్పుదురు; కారణములలో ఈ పాదముల భేదము నొకటిగా చేర్చిన తప్పులేదు.

అంటు కట్టు విద్య మనకు కొత్తది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము మొదలగువాని కొమ్మలను ఆవుపేడ పూసి, ఒక చెట్టు మొదటనో బోదెమీదనో నాటు విధానము చెప్పబడియున్నది. ఆ పట్టికలో మామిడి లేదు. మామిడి అంటు ప్రబలుటకు గోవాలో స్థిరపడిన పోర్చుగీసు మతాచార్యులు చాలవఱకు కారకులని చెప్పుట పరిపాటి. అల్ఫాన్సో మున్నగు పశ్చిమతీరపు రకముల పేర్లే దానికి సాక్షులు. మన ప్రాంతమున పాతకాలపు పద్ధతి యిట్టిది: కుండలో పెంచిన నాటుమొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గఱకు చేర్చి, పందిరిపై నిలిపి, రెండింటి బెరడును ఒకే కొలతకు చెక్కి, ఒకదానికొకటి ఆనించి నారతో కట్టి, రెండు మూడు నెలలపాటు కుండకు నీరు పోయుచు, అతుకు కుదిరిన తరువాత కొమ్మను తల్లినుండియు, నాటుమొక్క తలను దాని మొదటినుండియు కోసి వేఱుచేయుదురు. పెండ్లికూతురును అత్తవారింటికి పంపునప్పటివలె తొందర పనికిరాదు. ముందు కోసిన అంటు ఎండును.

వంశపారంపర్య శాస్త్రమునకు మూలపురుషుడైన గ్రెగర్ మెండెల్ కూడ ఇట్టి అంటుకత్తి పట్టిన యింటనే పుట్టినవాడని పలువు రెఱుగరు. 1822లో నేటి చెక్ దేశపు పల్లెలో జన్మించిన ఆ బాలుడు పండ్లచెట్లకు అంటు కట్టుట మొదట నేర్చినది తన రైతు తండ్రి దగ్గఱ. బ్రనో పట్టణపు మఠములో చేరిన తరువాతను ఆయనకు పండ్లతోటలతో సంబంధము తెగలేదు. అంతకు మునుపే ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అను తోటమాలి-శాస్త్రజ్ఞుడు ఆపిల్ చెట్లను సంకరపఱచి మెఱుగుపఱుపబూని, ఒక్కొక్క చెట్టు కాపునకు వచ్చునంతలో తన యాయుర్దాయమే చాలదని గ్రహించి, పండ్లచెట్లకు మాఱుగా ఏడాదికొక తరము ముగియు బఠాణీని ఎన్నుకొనెను. 1799లో దానిపై వ్యాసమును ప్రకటించెను. పండ్ల చెట్టునుండి బఠాణీకి నైట్ దింపిన యీ ప్రశ్నను అర్ధశతాబ్దము తరువాత మెండెల్ లెక్కల తక్కెడలో పెట్టెను. 1856 మొదలు 1863 వఱకు ఎనిమిదేండ్లు, ఇరువదియెనిమిది వేల మొక్కలు. ఆ ప్రయోగములకు మఠములో ఆయనకు దక్కిన తోటముక్క ముప్పదియైదు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. పాత కొలతల ప్రకారము మామిడిచెట్టునకు చెట్టునకు పది మీటర్ల యెడమిచ్చి నాటినయెడల, ఆ భూమిలో మూడు నాలుగు చెట్లకు మించి పట్టవు. ఎనిమిదేండ్లకు టెంకనుండి మొలచిన మామిడి తొలికాపు చూపిన చాలును. మెండెల్ మామిడిని ఎన్నుకొనియుండిన మనకు మెండెల్ ఉండడు.

బఠాణీ ఆయనకు చెప్పినదేమి? గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో సంకరపఱచినప్పుడు తొలితరపు గింజలన్నియు గుండ్రములే. ముడుత మాయమైనది. ఆ తొలితరమును తనలో తాను ఫలింపనిచ్చిన, రెండవ తరమున 7,324 గింజలలో 5,474 గుండ్రములు, 1,850 ముడుతలు; మాయమైన ముడుత నాలుగింట నొకవంతుగా మఱల పైకి వచ్చినది. పాలును నీరును కలిసినట్లు తల్లిదండ్రుల గుణములు బిడ్డయందు కలిసిపోవునను పూర్వవిశ్వాసమును ఈ రెండంకెలు కూల్చివైచినవి. కలిసిపోయిన నీరు మఱల పాలనుండి విడిపడి రాదుగదా! గుణము నిర్ణయించు కారకములు జంటలు జంటలుగా నుండి, ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చి, ఒకే గూటిలో కాపురముండియు ఒకదానితో నొకటి కలియక, తరువాతి తరమునకు పోవునప్పుడు మఱల విడిపోవుచున్నవని ఆయన తేల్చెను. జంటలో ఒకటి బహిర్గతమై తన్ను చూపుకొనును, మఱొకటి అంతర్గతమై అడగియుండును. అడగియున్నదేగాని నశించినది కాదు. ఈ సంగతి 1865లో బ్రనో సభలో చదువబడి, మఱుసటి యేడు అచ్చుపడి, ముప్పదినాలుగేండ్లు ఎవరికిని పట్టక, 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞుల వలన మఱల వెలికి వచ్చినది. ఆ కారకమునకు 1909లో యొహాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు "జీన్", మనము జన్యువందుము.

ఇప్పుడు మఱల టెంక దగ్గఱకు. మామిడి కణములో నలువది క్రోమోజోములు, అనగా ఇరువది జంటలు. పుప్పొడి రేణువునందును అండమునందును జంటకొక్కటి చొప్పున ఇరువదే చేరును. ఏ జంటనుండి ఏది చేరునో నియమము లేదు, నాణెము పైకెగురవేసినట్లే. ఇరువది నాణెములను ఒకేసారి ఎగురవేసినయెడల కలుగు వేఱు వేఱు పర్యవసానములు 10,48,576. ఇది తల్లి వైపు మాత్రమే. తండ్రి వైపు మఱల అన్ని. రెండును హెచ్చవేసిన, ఒకే చెట్టునకు ఒకే చెట్టు పుప్పొడివలన పుట్టగల టెంకల విధములు లక్షా తొమ్మిదివేల కోట్లను మించును. క్రోమోజోములు తమలో తాము తునకలు మార్చుకొనుటను లెక్కలోనికి తీసికొనలేదు. బంగినపల్లి చెట్టు పరాగసంపర్కముచేత తరతరములుగా భిన్నకారకములను పోగుచేసికొన్న విషమయుగ్మజపు పుట్ట. దాని కమ్మదనము ఒక్క కారకముది కాదు, నూఱు కారకములు ఒకానొక రీతిని కూడిన కూడిక. టెంక పుట్టునప్పుడు ఆ కూడిక చెదరి, పేకముక్కలవలె మఱల పంచబడుచున్నది. అన్నియు మంచి ముక్కలే మఱల ఒకేచేతికి వచ్చుట అసాధ్యము కాదు. కాని దానికై కూర్చుండు ఓపిక మానవమాత్రునకు కష్టము. పెద్దలు "దాని గుణమే అంత" అనినది దీనినే.

ఆ ఓపికను ఉద్యోగధర్మముగా చేపట్టినది కోడూరు తోట. రేణిగుంటనుండి కడపకు పోవు రైలుమార్గముపై, పడమట శేషాచలపు కొండలకును తూర్పున వెలికొండలకును నడుమ, గుంజన యేటి నీటి చలువతో, నాటి కడప జిల్లాలో మిగిలిన భాగములకు లేని పచ్చదనమును దాచుకొన్న లోయ అది. రైలు వచ్చుటతో అచ్చటి పండు రాత్రికి రాత్రియే మద్రాసు చేరు వీలు కలిగినది. ఊరి పేరుకు ముందు "రైల్వే" చేరి స్థిరపడుటయు దానివలననే. నిమ్మ, చీనీ, మామిడి, అరటి, నేడు బొప్పాయి, ఇవన్నియు ఆ యెఱ్ఱనేలకు అలవాటైన పంటలు. మద్రాసు వ్యవసాయశాఖ 1935లో అనంతరాజుపేటలో పండ్లతోటల పరిశోధన కేంద్రమును నెలకొల్పినది. ఆంధ్రరాష్ట్రము వచ్చినను, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము వచ్చినను, తరువాత ఉద్యాన విశ్వవిద్యాలయపు చేతికి మాఱినను, తోట మాత్రము అదే చోట నున్నది.

ఆ తోటలో తొలినాళ్లలో నడచిన పనికి ప్రాణము పోసినవాడు కె. సి. నాయక్. తరువాతికాలమున, 1964లో, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతియైన ఆయన మద్రాసు ప్రభుత్వమున పండ్లతోటల నిపుణుడుగా నున్నప్పుడు, సంకరమునకు పూర్వము చేయవలసిన చాకిరి యొకటి కలదని గుర్తించెను. ఎవరిని ఎవరితో కలుపవలెనో తెలియుటకు ముందు ఎవరెవరో తెలియవలెనుగదా! దక్షిణదేశమున మామిడి పేర్ల గందరగోళము ఊహకందదు. ఒకే రకమును ఒకచోట బెంగుళూరా యనియు, ఒకచోట తోతాపురి యనియు, మఱొకచోట కలెక్టరు మామిడి యనియు పిలుతురు. హిమాయుద్దీన్, ఇమాంపసంద్, హిమాయత్ అను మూడు దర్జాగల పేర్లు ధరించి తిరుగువాడు ఒక్కడే. తండ్రి పేరు తెలియని పిల్లల లోకములో తల్లుల పేర్లు కూడ ఇట్లు మాఱుచున్న వంశావళి వ్రాయుట యెట్లు? నాయక్, గాంగొల్లీ అను ఇరువురును కలిసి ఆకు, పూత, కాయ ముక్కు, భుజము, టెంక నార మొదలగు లక్షణములనుబట్టి మూడువందలకు పైగా రకములను వర్ణించి, వర్గీకరించి 1950లో ప్రకటించిన గ్రంథము ఆ చాకిరికి ఫలము. ఆ గ్రంథమును నేను మామిడి వంశావళికి కైఫియత్తుగా భావింతును; మెకంజీ దొర ఊళ్లకు చేయించిన చరిత్రలేఖనమును వీరు చెట్లకు చేసిరి.

సంకరము చేయుట యనగానే పాఠకుడు ప్రయోగశాలను, గాజు గొట్టములను ఊహించునేమో. అక్కడ నున్నవి చెట్టు, నిచ్చెన, సన్నని పట్టకారు, కాగితపు సంచి. మామిడి పూగుత్తి యొక్కటి వేలకొలది పూవులు మోయును. వానిలో చాలభాగము మగపూవులే, పనికివచ్చు ద్విలింగ పుష్పములు కొన్ని. పూవు ముత్యమంతయు ఉండదు. దానిలో సాధారణముగా పుప్పొడి యిచ్చు కేసరము ఒక్కటే. ఆ పూవు విచ్చుటకు ముందే, దాని కేసరమును పట్టకారుతో గిల్లి తీసివేసి, తండ్రిగా నెంచిన చెట్టు పూవును తెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రమునకు తాకించి, ఈగ చొఱకుండ సంచి తొడిగి, చీటీ కట్టవలెను. ఇట్లు పూవు వెంబడి పూవు. నూఱు పూవులకు చేసినచోట ఒక్క పిందెయు నిలువకపోవుట వింత కాదు. నిలిచిన పిందె గాలికి రాలును, రాలనిది తేనెమంచుకు మాడును. పూనాలో బర్న్స్, ప్రయాగ్ అనువారు 1911లో ఈ పనిని మన దేశమున తొలిసారిగా యత్నించి, ఇది యెంత కష్టమో లోకమునకు తెలిపిరి. కోడూరులో నాయక్ బృందము 1940ల దశకమున దానినే పెద్ద యెత్తున చేపట్టినది. పిందె నిలిచి, కాయ పండి, టెంక మొలచిన తరువాత కూడ పని ముగియలేదు. ప్రతి మొలకకును వంద చదరపు మీటర్లు కావలెను. ఎకరమునకు నలువది మొక్కలు. వేయి మొలకలను పరీక్షింపవలెనన్న ఇరువదియైదు ఎకరములు, ఆపై ఆఱో, ఎనిమిదో, పదో యేండ్లు. సంకరము చేసిన యుద్యోగి ఆ చెట్టు పండు తినునప్పటికి వేఱొక ఊరికి బదిలీయై యుండుట కద్దు.

అట్టి నిరీక్షణలోనుండి వచ్చిన బిడ్డలలో స్వర్ణజహంగీర్ పేరు మొదట చెప్పదగినది: తల్లి ఉత్తరాంధ్రపు చిన్న సువర్ణరేఖ, తండ్రి జహంగీర్. సువర్ణరేఖ చెక్కిలిపై యెఱుపు, జహంగీర్ రుచి ఒకేచోట చేరవలెనను కోరిక ఆ జోడింపులో స్పష్టముగా చదువవచ్చును. నీలమును హిమాయుద్దీన్‌తో కలిపి నీలుద్దీన్. నీలమును ఎఱ్ఱ మల్గోవాతో కలిపి నీల్‌గోవా. రుమానీని మల్గోవాతో కలిపి ఏ.యు. రుమానీ, తరువాతి కాలమున చెఱకురసమును ఖాదర్‌తో కలిపి కోడూరు సంకరము ఒకటవది. ఈ పేర్లలో నీలము పదే పదే వచ్చుట పాఠకుడు గమనించియుండును. దక్షిణదేశపు పండు నీలము. రూపమున సాధారణము, కోతకు ఆలస్యము. కాని దానిలో రైతు బిడ్డలకు గావలసిన గుణమొకటి కలదు: ఏటేటా కాయును. జహంగీర్, మల్గోవా వంటి దొరల రకములు ఒక యేడు కాచి, మఱొక యేడు మొగముచాటు చేయును. రుచిగల సోమరిని, రుచి తక్కువైన కష్టజీవికి ముడిపెట్టిన పుట్టు బిడ్డకు రుచియు కష్టమును రెండును వచ్చునా? పాలును నీరును కలియునను సిద్ధాంతము నిజమైనచో అన్ని బిడ్డలకును రెండును సగము సగము రావలెను. మెండెల్ సిద్ధాంతము నిజమైనచో కొందఱికి రెండును, కొందఱికి ఒక్కటి, కొందఱికి ఏదియు లేకయు రావలెను. కోడూరు నారుమడులలో వచ్చినది రెండవ విధము.

తరువాత ఢిల్లీ పరిశోధకులు ఇదే నీలమును దశేరితో కలిపినప్పుడు కథ యింకను విశదమైనది. నీలము తల్లిగా, దశేరి తండ్రిగా పుట్టినది మల్లిక. దశేరి తల్లిగా, నీలము తండ్రిగా పుట్టినది ఆమ్రపాలి. రెండును 1970ల దశకమున బయటికి వచ్చినవి. తల్లిదండ్రులు వారే యైనను మల్లిక పెద్ద పండునకు, ఆమ్రపాలి పొట్టి చెట్టునకు ప్రసిద్ధి కెక్కినవి. ఇంట అక్కచెల్లెండ్రు భిన్నముగా నుండుట కంటె ఇందు విశేషమేమియు లేదు. ఏటేటా కాపు, తొందరగా కాపునకు వచ్చుట, పొట్టితనము, ఇవి అంతర్గత లక్షణములని ఆ పరిశోధకులు తలపోసిరి. అట్లైనచో ఏటేటా కాయని చెట్టు కూడ తన జంటలో ఒకదానియందు ఆ గుణమును అడగదొక్కి దాచియుండవచ్చును; నీలమువంటి జోడు దొరికినప్పుడు బిడ్డలలో ఇంచుమించు సగమునకు అది బయటపడవలెను. ముడుతపడ్డ బఠాణీగింజ మఱల పైకి వచ్చినట్లు.

రాయలసీమలోనే మఱొక పండు కలదు, టెంక విషయమున మామిడికి బద్ధవిరోధి. కోస్తావారు బత్తాయి యనునది, మనవారు చీనీ యనునది. సాత్‌గుడి యను పేరు దానికి ఆంబూరు దగ్గఱి సాత్‌గఢునుండి వచ్చినదందురు. దాని గింజలో ఒక మొలకకు మాఱు రెండు మూడు మొలకలు వచ్చుట తోటమాలు లెఱుగుదురు. వానిలో ఒకటి తల్లిదండ్రుల కలయికవలన పుట్టినది కావచ్చును. తక్కినవి తండ్రి ప్రమేయము లేకయే తల్లి దేహకణములనుండి నేరుగా మొలచినవి, తల్లికి ఛాయలు. అందుచేతనే చీనీ గింజ నాటిన తల్లిని పోలిన చెట్టే సాధారణముగా వచ్చును. చీనీ పండించిన రైతుకు గింజపై నమ్మకము, ప్రక్క గట్టున మామిడి పెంచిన రైతుకు టెంకపై అపనమ్మకము. ఇద్దఱును నిజమే చెప్పుచున్నారు. కోడూరు తోటవారు ఈ జాతిలో చీనీకి ఏ వేరుమొక్క యనుకూలమో, జంబీరియో మఱొకటియో, యని పరీక్షించుటయందు చాలకాలము వెచ్చించిరి. మామిడిలో కూడ పశ్చిమతీరపు ఓలూరు, చంద్రకారన్ వంటి కొన్ని రకముల టెంకలకు ఈ బహుపిండ గుణము కలదు. 1998లో ఇస్రాయేలు పరిశోధకులు అది ఒక్క బహిర్గత జన్యువుచే నిర్ణయింపబడునని సంకరముల లెక్కలతో చూపిరి. వేలాది కారకముల గందరగోళములో మెండెల్ బఠాణీవలె ఒక్క జన్యువు చేతికి చిక్కిన యరుదైన సందర్భమది.

ఇంతచేసి, కోడూరు సంకరములు బజారును జయించెనా? జయింపలేదు. మే నెలలో కోడూరు మండీకి పోయి చూచిన, గుట్టలు పోసియున్నవి బంగినపల్లియు తోతాపురియే. నీల్‌గోవా నడిగిన దళారి మన మొగము చూచును. నేనిది ఓటమిగా నెంచను. ఒక చెట్టు యొక్క యదృష్టము మీద రెండు వందల యేండ్లు కూర్చున్నవారికి కొత్త చెట్టును నమ్మించుటకు అరువది యేండ్లు ఎక్కువేమి కాదు. పైగా ఆ తోట యిచ్చినది పండ్లు మాత్రమే కాదు, తల్లి వైపు చీటీ, తండ్రి వైపు చీటీ కట్టబడిన టెంకలు. ఈగకు మాత్రమే తెలిసియున్న సంగతి తొలిసారి ఒక నోటుపుస్తకములోనికి ఎక్కినది.

నారుమడులవాండ్రు మాత్రము ఈ శాస్త్రముతో పనిలేక తమ పని తాము చేసికొనుచున్నారు. కాయలు ముగియు వేళకు నాటుమామిడి టెంకలను బండ్లకు ఎత్తి తెచ్చి, ఇసుకమళ్లలో పఱచి తడుపుదురు. పదిపదునైదు దినములలో టెంక పగిలి, మెత్తని కాడపై నాలుగు ఆకులు, ఇంకను పచ్చబడని రాగిరంగుతో, పైకి లేచును. ఆ రంగు మాఱకముందే పనివాడు కూర్చుండి, కాడను నిలువునా చీల్చి, తలను తెగగోసి ప్రక్కన పడవేసి, చీలికలో బంగినపల్లి పుల్లను దిగవేసి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టి కట్టును. తెగిన ఆ రాగిరంగు తలలు సాయంకాలమునకు గంపెడగును. వానిలో ఏది యెట్టి పండు కాయునో చూచుటకు పదేండ్లు పట్టును గనుక, పనివాడు గంపను మేకలకు పోయును.